గడువు తేదీ

మల్లేపల్లి శాఖా గ్రంథాలయంలో
‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని బ్యానర్ కట్టిన్రు.
గోడకు మేకు నిలవక
ఒక కొస కిటికీ ఊచకు, ఇంకో కొస
నేను చేరినప్పటి నుంచి తెరవని
ఉర్దూ బీరువా గొళ్లానికి.

మినిట్స్ రాసేది నేను.
మూడు శాఖలకు ఇన్‌చార్జిని,
ఏడు నెలల్లో రిటైరు.

నల్లగొండ నుంచి వచ్చిన సారు
చాయ్ తాగి, గొంతు సవరించుకొని
‘మీ అభిప్రాయమే మాకు ముఖ్యం’ అన్నడు.
పంచిన కాగితంలో మూడు గళ్లు:
దేవరకొండలో కలపాల్నా,
వారానికి రెండు రోజులే తెరవాల్నా,
అందరూ ఫోన్లో చదువుకుంటరా.
ఉన్నది ఉన్నట్టు ఉంచడానికి గడి లేదు.
అది అచ్చుతప్పు కాదని
అచ్చు కాగితాల మధ్య ముసలైన నాకు ఎరుకే.

రాసిన: హాజరు ముప్పై ఒక్కరు.
రాయలేదు: అందులో పదకొండు మంది
లేస్తే ఫ్యాన్ కింది జాగ పోతదని
కూసున్న చోటే ఉన్న గ్రూప్-ఫోర్ పిల్లలని.
గైడ్లు వాళ్లవే. మాది కుర్చీ మాత్రమే.

రమావత్ సునంద లేచింది.
‘తండాల మాది ఒకటే అర్ర సార్.
టీవీ, పొయ్యి, తమ్ముడు, మేకపిల్ల అన్ని దాంట్లనే.
నాకు పుస్తకం గాదు, సప్పుడు లేని జాగ గావాలె.
అది ఫోన్ల దొరుకుతదా?’
రాసిన: ‘ప్రశాంత వాతావరణం కోరినారు.’
మేకపిల్ల మినిట్స్ గడప దాటలేదు.

ఖాజా మొయినొద్దీన్, రిటైర్డ్ కండక్టర్,
ఉర్దూ పేపర్ బందైన సంగతి
మొదటి స్టేజీ నుంచి ఎత్తుకున్నడు,
ఒక్క స్టాపు కూడా వదలకుండ.
సారు గడియారం చూసుకున్నడు.

అప్పుడు లేచిండు పగిళ్ల ముత్తిలింగం.
యూరియా సంచిలోంచి తీసిండు
పురికొసతో కట్టిన
ముప్పై రెండేండ్ల ఇంటిపన్ను రశీదులు.
‘నేనీ గడప ఎన్నడు తొక్కలె సారూ, అబద్ధమెందుకు.
కానీ ప్రతి రశీదుల కింద ఒక లైనున్నదట,
మనుమరాలు సదివి చెప్పింది,
గ్రంథాలయం సెస్సు అని.
బోర్లెండి బత్తాయి చెట్లు
కట్టెలకింద అమ్మిన ఏడు గూడ కట్టిన.
గంటే గీ గోడల నాది ఒక్క ఇటుకన్న ఉంటది గద?
మూసేటట్టుంటే
నా ఇటుక నాకియ్యిన్రి.’

నవ్విన్రు. సారూ నవ్విండు.
నవ్వు ఎక్కడ ఆగిందో తెల్వదు,
ఉన్నట్టుండి ఫ్యాన్ కిర్రుమనడం వినపడ్డది.

‘నోట్ చేసుకోండి’ అన్నడు సారు.
ఇటుక అని రాసిన.
బాగుండదేమోనని కొట్టేసిన.
పక్కనే మళ్లీ
ఇటుక అనే రాసిన.

జీపు పోయినంక కూడా
ముత్తిలింగం పోలేదు.
‘ఒక పుస్తకమియ్యి.’
‘ఏం పుస్తకం?’
‘ఏదైతేంది. జర బరువున్నది సూడు.’
నిఘంటువు బయటికి ఇయ్యొద్దు, రూలు.
ఇచ్చిన.
‘ఎన్నడు తేవాలె?’
‘పదిహేను రోజులకు.’
పుస్తకాన్ని రశీదుల మీద పెట్టుకొని
వాకిట్ల నిలబడి
‘గయితే ఆనాడు తలుపు తీసి ఉండాలె మరి’ అన్నడు.

పిల్లలు తలెత్తి చూసిన్రు.
సునంద ఎన్నడూ లేనిది
గైడు మూసి, ర్యాకు దగ్గరికి నడిచింది.
మొయినొద్దీన్ సాబ్ ఉర్దూ బీరువా ముందు నిలబడ్డడు.
గొళ్లెం రావాలంటే బ్యానర్ ముడి విప్పాలె.
విప్పిండు.
ప్రజాభిప్రాయం సగం ఊడి
నేల మీద వాలింది,
దాన్ని దాటుకుంటనే
వరుసల నిలబడ్డరు అందరు.

ఎండిన ప్యాడు మీద రెండు చుక్కల నీళ్లు చల్లి
ఇరవై మూడు పుస్తకాలకు ముద్ర కొట్టిన,
అన్నింటికీ ఒకటే గడువు తేదీ.
ఆనాడు తాళంచెవి నా జేబులో ఉంటదో
దేవరకొండ పోతదో.

చీకటి పడ్డది.
మినిట్స్ కింద, సారు సంతకం పక్కన
కొంచెం ఖాళీ ఉంటే
ఆ ముద్రే అక్కడా ఒకటి కొట్టిన.